ప్రహరీ గోడ మీద గాజు పెంకులు ఎవరి కోసం?

సంక్రాంతి సెలవుల్లో మా వీధిలో ఒక ఇంట్లో దొంగలు పడ్డారు. ఇంటివాళ్ళు పండక్కి ఊరెళ్ళారు, తిరిగొచ్చి చూసుకుంటే బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, బంగారం లేదు. మర్నాటికల్లా మా కాలనీ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఒక ప్రతిపాదన వచ్చింది. ఇళ్ళన్నిటి ప్రహరీ గోడల మీదా చుట్టలు చుట్టలుగా ఉండే బ్లేడు తీగ వేయిద్దాం, అందరూ కలిసి వేయించుకుంటే అడుగుకింత అని రేటు తగ్గుతుంది, ఇంకా గట్టిగా కావాలనుకునేవాళ్ళకి కరెంటు ఫెన్సింగ్ పెట్టే మనిషి కూడా ఉన్నాడు అని. దాని కింద వరసగా బొటనవేళ్ళు, దండాలు. వద్దన్నవాళ్ళు ఎవరూ లేరు. నేను వద్దన్నాను, ఎందుకో గ్రూపులో నాలుగు ముక్కల్లో చెప్పడం కుదరక ఇక్కడ రాస్తున్నాను.

ఇంటికి కంచె వద్దని నేను అనడం లేదు. మనిషిని ఆపే కంచె వేరు, మనిషిని కోసే కంచె వేరు. ఆపేది ఎంత గట్టిగానైనా పెట్టుకోండి. కోసేది, గుచ్చేది, షాక్ కొట్టి చంపేది మాత్రం ఇంటి గోడ మీద ఉండకూడదు, ఆ సంగతి ఇంటి యజమాని ఇష్టానికో అసోసియేషన్ ఓటుకో వదిలేయకూడదు. విజయవాడలో అయినా గుంటూరులో అయినా కార్పొరేషన్ వాళ్ళు సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ ఖాళీ, ఎంత వదలాలో రాసిపెట్టినట్టే, గోడ మీద ఏది ఉండొచ్చో ఏది ఉండకూడదో తెలుగులో రాసిపెట్టాలి.

భయం అబద్ధం కాదు

ముందు ఈ మాట చెప్పాలి, లేకపోతే తక్కినదంతా ఊరికే చెప్పిన కబుర్లలా వినిపిస్తుంది. మా ఆయనది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. నెలలో చాలా రాత్రిళ్ళు ఇంట్లో నేను, పిల్లలు, మా అత్తగారు, అంతే. పెరటి వైపు చప్పుడైతే లేచి కూర్చోవడం, మెట్ల లైటు వేయాలా వద్దా అని ఆలోచించడం, అది పిల్లి అని తేలాక కూడా తెల్లారేదాకా నిద్ర పట్టకపోవడం నాకు బాగా తెలుసు. 2021 డిసెంబరులో చెడ్డీ గ్యాంగ్ అనే దొంగల ముఠా పేరు చెబితే విజయవాడ చుట్టుపక్కల జనం ఎంత వణికారో మర్చిపోలేదు. సీసీ కెమెరాల్లో నిక్కర్లు వేసుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, చేతిలో రాడ్డుతో నడిచొస్తున్న ఆ మనుషుల వీడియోలు ఫోనుల్లో తిరుగుతుంటే మా అత్తగారు సాయంత్రం ఆరింటికే వెనక తలుపు గడియ పెట్టేవారు.

అందుకే మా ఎదురింటి బాబాయిగారు "ఏమ్మా, అందరికంటే ముందు నువ్వే కావాలని అడగాలి గదా, నువ్వే వద్దంటే ఎట్లా?" అన్నప్పుడు నాకు కోపం రాలేదు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న.

కాకపోతే మా వీధిలో జరిగిన దొంగతనాన్నే తీసుకోండి. ఆ ఇంటి ప్రహరీ మీద వెనకవైపు గాజు పెంకులు ఉన్నాయి, ముందువైపు గేటు మీద బల్లేల్లాంటి ఇనప మొనలు ఉన్నాయి. దొంగ పెంకుల మీద గోనెసంచి మడిచి పరిచి దిగాడు. ఆ సంచి అక్కడే వదిలేసి పోయాడు, పోలీసులు వచ్చినప్పుడు అందరం చూశాం. వెనక తలుపు పాతది, బోల్టు మరలు రెండు ఎప్పుడో ఊడిపోయినవి, భుజంతో ఒక్క తోపు తోస్తే వచ్చేసింది. వెనకవైపు లైటు లేదు. గోడ నిండుగా ఆరడుగులు పైన ఉండడంతో పక్కింటి మేడ మీద నిలబడినవాళ్ళకి తప్ప లోపల మనిషి ఉన్నాడన్నది ఎవరికీ కనిపించదు. ఇందులో ఏ లోపాన్ని బ్లేడు తీగ సరిచేస్తుంది? గోనెసంచితో వచ్చినవాడు ఈసారి దుప్పటి, కటింగ్ ప్లేయరు తెచ్చుకుంటాడు. వాడు పని మీద వస్తాడు, సిద్ధపడి వస్తాడు. సిద్ధపడకుండా గోడ మీద చెయ్యి వేసేది వేరేవాళ్ళు.

రూలు ఏం చెబుతోంది

గోడ గురించి రాతలో ఏమీ లేదనుకుంటారు చాలామంది. ఉంది. దేశమంతటికీ ఇళ్ళ నిర్మాణానికి నమూనాగా రాసిన నేషనల్ బిల్డింగ్ కోడ్ అని 1970లో మొదటిసారి వచ్చింది, 2016లో మళ్ళీ సవరించారు. దాని ప్రకారం ఇంటి ప్రహరీ ఎత్తు ముందున్న రోడ్డు మధ్యగీత నుంచి కొలిస్తే మీటరున్నర దాటకూడదు, అంటే సుమారు ఐదడుగులు. ఇంకా ఎత్తు కావాలంటే 2.4 మీటర్ల దాకా వెళ్ళొచ్చు, కానీ పైన 0.9 మీటర్ల భాగం అవతలకి కనిపించేలా ఉండాలి, అంటే గ్రిల్లో, చువ్వలో, జాలీనో. మూల స్థలమైతే మలుపు దగ్గర రెండు వైపులా 10 మీటర్ల మేర నిండు గోడ 0.75 మీటర్లే, అంటే రెండున్నర అడుగులు, ఆ పైన కావాలంటే చువ్వలు పెట్టుకోవాలి. జైళ్ళకి మాత్రం ఈ లెక్కలు వర్తించవని కూడా అందులోనే రాశారు.

నాకు ఈ నిబంధనలో నచ్చేది ఆ పైన మూడడుగుల సంగతి. గోడ కావాలి అంటూనే, చూపుకి దారి వదలమంటోంది. చువ్వల ప్రహరీ దూకినవాడు దూకాక కూడా వీధికి కనిపిస్తూనే ఉంటాడు. పాలు పోసేవాడికి, తెల్లారుజామున నడకకి వెళ్ళే ముసలాయనకి, ఎదురింటి వరండాలో ముగ్గు వేస్తున్నావిడకి కనిపిస్తాడు. ఎనిమిదడుగుల నిండు గోడ దూకినవాడు ఒకసారి లోపల పడ్డాక ఇక నిమ్మళంగా పని చేసుకోవచ్చు, ఆ గోడ వాడికే కాపలా కాస్తుంది. మా కాలనీలో ఇప్పుడు ఎత్తు పెంచినవన్నీ నిండు గోడలే, చాలనివాళ్ళు పైన రేకులు బిగించారు.

ఎత్తు పెంచడానికి ఒక కారణం ఉంది, అది ఒప్పుకోవాలి. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే సిమెంటు రోడ్డు పోయడం, కొన్నేళ్ళకి దాని మీద ఇంకోటి పోయడం వల్ల ఇళ్ళు పల్లమైపోయాయి. ఒకప్పుడు గుండెల దాకా ఉన్న ప్రహరీ ఇప్పుడు రోడ్డు మీద నిలబడితే నడుము దాకా వస్తోంది, వీధి కుక్క కూడా ఎగిరి లోపలికి దూకుతోంది. కోడ్ రోడ్డు మధ్యగీత నుంచి కొలవమంది కాబట్టి రోడ్డు పెరిగితే గోడ కూడా పెంచుకోవచ్చు. ఈ చిన్న వివరం జనానికి తెలియదు. తెలిస్తే ఐదడుగులకి సరిపెట్టుకుని, ఆ పైన చువ్వలు పెట్టుకునేవాళ్ళు ఎక్కువమందే ఉంటారు.

మన రాష్ట్రంలో 2017లో 119 నంబరు జీవోతో వచ్చిన బిల్డింగ్ రూల్స్ ఉన్నాయి. రోడ్డు ఇంత వెడల్పుంటే ఇంత సెట్‌బ్యాక్ అని, రోడ్లు కలిసేచోట స్థలం మూల కోసి వదలమని అందులో ఉంది. ప్లాను గీసే లైసెన్సు ఉన్న ఇంజనీర్లకి, ఎల్‌టీపీలంటారు వాళ్ళని, ఇవన్నీ కొట్టినపిండి. అయితే ప్లానులో ప్రహరీ అంటే చుట్టూ ఒక గీత, అంతే. ఆ గీత పైన ఎంత ఎత్తు లేస్తుందో, దాని నెత్తిన ఏం గుచ్చుతారో గృహప్రవేశం అయిపోయాక మేస్త్రీ, ఇంటాయన మాట్లాడుకుని తేల్చుకుంటారు.

మా అక్కావాళ్ళు గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు. ఆ పేట అంతా లైన్లు, అడ్డరోడ్లు. అడ్రసు అడిగితే 4/14 అంటారు, అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. అడుగడుగునా నాలుగు రోడ్లు కలిసే మూలలే. ఆ మూలల్లో చాలాచోట్ల నిండు గోడ, దాని మీద రేకు, అవతల నుంచి బండి వస్తోందో లేదో హారన్ విని తెలుసుకోవాలి. మా అక్క కొడుకు సైకిల్ మీద ట్యూషనుకి వెళ్తూ అలాంటి మలుపులోనే స్కూటరుకి తగిలి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. రెండున్నర అడుగుల రూలు అక్కడ పాటించి ఉంటే ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేవాళ్ళు. సెక్యూరిటీ పేరుతో కట్టిన గోడ ఆ ఇంటికి చేసిన మేలెంతో తెలియదు గానీ రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి మాత్రం రోజూ గండమే.

గాజు పెంకులు

ఇది మన దగ్గర ఎంత పాత అలవాటంటే ఎవరికీ వింతగా కూడా అనిపించదు. గోడ పైన సిమెంటు పచ్చిగా ఉండగానే సీసాలు పగలగొట్టి వరసగా గుచ్చుతారు. ఆకుపచ్చగా ఉండేవి సోడా సీసాలవి, ముదురు గోధుమరంగువి బీరు సీసాలవి. మేస్త్రీ సీసా మెడ భాగం పారేస్తాడు, అడుగుభాగం, పక్కలు ఏరుకుంటాడు, ఎందుకంటే అవి పొడుగ్గా, వాడిగా పగులుతాయి. కొత్తలో ఎండకి తళతళమని మెరుస్తూ, దూరం నుంచే కనిపించి, దగ్గరికి రాకు అని చెబుతాయి. రెండు వానాకాలాలు గడిచాక పెంకుల మధ్య నాచు పడుతుంది, దుమ్ము పేరుకుంటుంది, దొండ పాదో శంఖుపువ్వు తీగో పాకి పైన పచ్చగా పరుచుకుంటుంది. అప్పుడు ఆ గోడ చూడ్డానికి చెయ్యి ఆనించి నిలబడాలనిపించేలా ఉంటుంది.

మా పక్క వీధిలో అలాంటి గోడే. పిల్లలు క్రికెట్ ఆడుతుంటే బంతి లోపల పడింది, మధ్యాహ్నం వేళ, లోపల పెద్దవాళ్ళు నిద్రపోతున్నారు, గేటు కొడితే తిడతారని ఒక పిల్లాడు గోడ మీద రెండు చేతులూ వేసి పైకి లేచాడు. కుడి అరచెయ్యి బొటనవేలి కింద నుంచి మణికట్టు దాకా తెగింది. కుట్లు పడ్డాయి, చాలాకాలం ఆ చేత్తో పెన్ను పట్టుకోలేకపోయాడు. నేను ఇక్కడ చెప్పదలుచుకున్నది ఇంటాయన గురించి. ఆయన బనీను మీదే బయటికొచ్చి, పిల్లాడి చేతికి తువ్వాలు చుట్టి, స్కూటరు మీద తనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆ పెంకులు ఆయన పెట్టినవి కావు, ఇల్లు కొనేటప్పటికే ఉన్నాయి. మంచి మనిషి, పిల్లలంటే ఇష్టం, అయినా ఆయన గోడ ఒక పిల్లాడి చెయ్యి కోసింది. మంచితనం మీద వదిలేస్తే కుదరదు, రాసిన రూలు కావాలి అని నేను అంటున్నది ఇందుకే. ఇల్లు చేతులు మారినా రూలు మారదు.

పిల్లలొక్కళ్ళేనా? గాలివానకి సర్వీసు వైరు తెగితే రాత్రి పదింటికి వచ్చే లైన్‌మన్ నిచ్చెన ఆనించడానికి చోటు వెతుక్కుంటాడు. కేబుల్ లాగే కుర్రాడు గోడ మీద కాలు పెట్టక తప్పదు. కొబ్బరికాయలు దింపేవాళ్ళు, ట్యాంకు కడిగేవాళ్ళు, డ్రైనేజీ మూత తీయడానికి సందులో దూరే పారిశుధ్య కార్మికులు, అందరూ మనం పిలిస్తేనే వచ్చేవాళ్ళు. ఒక లైన్‌మన్‌ని అడిగాను, గోడల మీద పెంకులుంటే ఏం చేస్తారన్నా అని. "ఏం చేస్తామమ్మా, చెప్పు పెట్టి చూసుకుని పెట్టి చూసుకుని వెళ్తాం, చీకట్లో అయితే దేవుడే" అన్నాడు.

కరెంటు తీగ

గ్రూపులో చెప్పిన ఫెన్సింగ్ మనిషికి ఫోన్ చేశాను. మాట్లాడడం బాగానే మాట్లాడాడు. "చిన్న ఝలక్ అంతే మేడమ్, ప్రాణానికేం కాదు" అన్నాడు. మెషీను ఏదని అడిగితే రెండు రకాలు చెప్పాడు. మొదటిది కంపెనీ ఎనర్జైజరు, బ్యాటరీ, ఎర్తింగ్, అలారం అన్నీ కలిపి ఒక రేటు. అంత పెట్టలేమనుకుంటే ఇంటి కరెంటే రాత్రిపూట తీగకి ఇచ్చే ఏర్పాటు చేస్తానన్నాడు, స్విచ్ మంచం పక్కనే పెట్టుకోవచ్చట. మామూలు విషయం చెబుతున్నట్టే చెప్పాడు. నాకు ఫోను పట్టుకున్న చెయ్యి చల్లబడింది.

ఈ రెండిటికీ ఉన్న తేడా తెలియకుండా కరెంటు ఫెన్సింగ్ మంచిదా చెడ్డదా అని వాదించుకోవడం దండగ. ఎనర్జైజరు అనేది కరెంటుని తెంపులు తెంపులుగా ఇస్తుంది. దానికి ఐఈసీ 60335-2-76 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఒక పల్సుకీ ఇంకో పల్సుకీ మధ్య కనీసం ఒక సెకను ఖాళీ ఉండాలి, పల్సులో ఉండే శక్తి 5 జౌళ్ళు దాటకూడదు. తగిలితే గట్టిగా కొట్టినట్టుంటుంది, కానీ ఆ సెకను ఖాళీలో చెయ్యి వెనక్కి తీసుకోగలడు. తీగకీ దారిన పోయేవాళ్ళకీ మధ్య మామూలు గోడో కంచో అడ్డం ఉండాలి, హెచ్చరిక బోర్డులు కనబడేలా ఉండాలి. ఇంటి కరెంటు అలా కాదు. 230 వోల్టులతో ఆగకుండా ప్రవహిస్తుంది, కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్న తీగని వదలడం మనిషి చేతిలో ఉండదు. పొలాల్లో అడవిపందుల కోసం పెట్టిన తీగలు తగిలి రైతులే, కూలీలే చనిపోయిన వార్తలు మన పేపర్లలో చదువుతూనే ఉన్నాం. అదే తీగని ఊరి మధ్యకి, పిల్లలు తిరిగే సందులోకి తెస్తానంటున్నాడు ఆ మనిషి.

దొంగే కదా, వాడికి షాక్ కొడితే తప్పేంటి అన్నవాళ్ళు గ్రూపులో ఉన్నారు. ఈ ప్రశ్నకి సుప్రీంకోర్టు 1963లోనే జవాబు చెప్పింది. చెరుబిన్ గ్రెగరీ వర్సెస్ స్టేట్ ఆఫ్ బిహార్ అన్న కేసు. ఒకాయన ఇంటి పక్కన ఒకావిడ ఉండేది. ఆవిడ మరుగుదొడ్డి గోడ కూలిపోయి, అందరికీ కనబడేలా అయిపోయింది. దాంతో ఆవిడ ఈయన మరుగుదొడ్డి వాడుకోవడం మొదలుపెట్టింది. వద్దని చెప్పినా వస్తున్నారని ఈయన ఆ దారిలో తొడుగు లేని తీగ కట్టి కరెంటు ఇచ్చాడు, హెచ్చరిక ఏమీ పెట్టలేదు. ఆవిడ లోపలికి వెళ్ళేటప్పుడు తీగ తగల్లేదు. బయటికి వస్తుంటే చెయ్యి తగిలి చనిపోయింది. తన స్థలంలోకి అనుమతి లేకుండా వచ్చింది, ఆస్తిని కాపాడుకునే హక్కు నాకుంది అన్నది ఆయన వాదన. కోర్టు ఒప్పుకోలేదు. అనుమతి లేకుండా అడుగుపెట్టినంత మాత్రాన ఆ మనిషికి చట్టం రక్షణ లేకుండా పోదని చెప్పి, శిక్షను నిలబెట్టింది.

నేను ఈ కేసు గురించి చదివి చాలాసేపు ఊరుకున్నాను. దొంగా కాదు, దోపిడీ కాదు. గోడ కూలిన ఆడమనిషి, చాటు కోసం పక్కింటికి వెళ్ళింది.

ఆత్మరక్షణ హక్కు లేదని ఎవరూ అనరు. రాత్రిపూట తలుపులు పగలగొట్టి లోపలికి వస్తున్నవాడిని ఎదుర్కోవడానికి చట్టం చాలా దూరమే అనుమతిస్తుంది, పాత ఐపీసీలోనూ ఉంది, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. కాకపోతే అవసరానికి మించి హాని చేయకూడదన్న షరతు కూడా పక్కనే ఉంది. ఎంత అవసరమో అక్కడ నిలబడి చూసే మనిషికి తెలుస్తుంది. ఎదురొచ్చినవాడు కత్తితో వచ్చాడో, తాగి దారి తప్పి వచ్చాడో, పదేళ్ళవాడో మనం చూసి ఆగగలం, తీగ ఆగలేదు. ఇంకో సంగతి, నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే ఐపీసీ కింద రెండేళ్ళ దాకా ఉన్న జైలు శిక్ష కొత్త చట్టంలో 106వ సెక్షను కింద ఐదేళ్ళ దాకా పెరిగింది. తెలిసి తెలిసి తీగకి ఇంటి కరెంటు ఇస్తే దాన్ని వట్టి నిర్లక్ష్యంగా చూడకపోవచ్చు, ఇంకా పెద్ద నేరమే మోపవచ్చు. స్విచ్ మంచం పక్కన పెట్టుకోవచ్చన్న మనిషి ఈ మాట ఎవరికీ చెప్పడు.

లోపలున్నవాళ్ళ సంగతి

కంచె గురించి మాట్లాడేటప్పుడు అందరం బయటి నుంచి వచ్చేవాడి గురించే ఆలోచిస్తాం. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి మా విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక నీళ్ళలో మునిగిన రోజు. మా పెద్దమ్మ కొడుకు కుటుంబం సింగ్‌నగర్‌లో కింది వాటాలో ఉంటారు. నీళ్ళు వీధిలోకి వచ్చిన కాసేపటికే నడుము దాకా పెరిగాయి. వీధి వైపు ప్రవాహం లాగేస్తుంటే గేటు తెరవలేకపోయారు. వెనక గోడ దాటితే అవతల రెండంతస్తుల ఇల్లు, బయటి మెట్లు, పైన అంతా ఖాళీ డాబా. కానీ ఆ వెనక గోడ మీద బ్లేడు తీగ చుట్టలు. అంతకు ముందు ఏడాదే వేయించారు.

అన్నయ్య వంటింట్లోంచి పట్టకారు, పాత కటింగ్ ప్లేయరు తెచ్చి, పీట మీద నిలబడి తీగ కత్తిరించాడు. ఆ తీగ తెగితే వదులై స్ప్రింగులా ఎగిరి మీదికొస్తుంది, చేతులంతా గీసుకుపోయాయి. పక్క వాటాలో ఉన్న మామ్మగారిని ఆ సందులోంచి దాటించడానికి గోడ మీద పరుపు మడిచి వేశారు. అందరూ బయటపడ్డారు. అన్నయ్య ఇప్పటికీ అంటాడు, దొంగ ఎప్పుడూ రాలేదు, నీళ్ళు వచ్చాయి, ఆ తీగ మమ్మల్నే పట్టుకుంది అని.

మనది కృష్ణ ఒడ్డున, బుడమేరు పక్కన ఉన్న ఊరు. ఇక్కడ గోడ కట్టుకునేటప్పుడు బయటికి ఎలా పోతాం అన్న ప్రశ్న మొదట అడగాలి. అపార్టుమెంట్లలో బాల్కనీలన్నీ కింద నుంచి పైదాకా గ్రిల్ కొట్టించేస్తున్నారు, పావురాలని కొందరు, పిల్లలని కొందరు, దొంగలని కొందరు. కారణాలన్నీ నిజమే. మరి వంటింట్లో మంట లేచి మెయిన్ తలుపు వైపు వెళ్ళలేకపోతే? ప్రతి ఫ్లాటులో ఒక్క గ్రిల్‌కైనా లోపలి నుంచి తీసే చిన్న తలుపు ఉండాలి, దాని తాళం చెవి ఆ పక్కనే మేకుకి వేలాడాలి. ఇది చేయించడానికి వెల్డరు తీసుకునేది గ్రిల్ ఖర్చులో చాలా చిన్న భాగం.

నాకున్న సందేహాలు

మొగల్రాజపురం, గుణదల లాంటి కొండ పక్క ఇళ్ళవాళ్ళు కోతుల సంగతేంటి అంటారు. అక్కడ సరైన ఎనర్జైజరుతో, పద్ధతి ప్రకారం పెట్టిన సోలార్ ఫెన్సింగ్‌ని నేను కాదనలేను. బట్టలు చింపి, వంటింట్లో దూరి, చిన్నపిల్లల మీదికి వచ్చే కోతుల మధ్య బతికేవాళ్ళకి ఇంకేం చెప్పగలం? అది కూడా గోడ పైన అందనంత ఎత్తులో, బోర్డులతో ఉంటే చాలు.

మామూలు ముళ్ళ తీగ గురించి నాకే ఇంకా పూర్తిగా తేలలేదు. ఏడడుగుల పైన, లోపలి వైపు వంచిన ఇనప యాంగ్లర్ల మీద మూడు వరసలు లాగితే వీధిలో పోయే పిల్లాడి చేతికి అందదు, దాటేవాడికి ఇబ్బందే, వరద వస్తే కత్తిరించడం కూడా తేలిక. దానికి ఒప్పుకోవచ్చనిపిస్తుంది. బ్లేడు తీగ చుట్టలకి మాత్రం, అన్నయ్య చేతులు చూశాక, ఒప్పుకోలేను.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం మా బాబాయిగారే చెప్పారు. "రూలు పెడితే ఏమవుతుంది, ఇంకో చెయ్యి చాచేవాడు తయారవుతాడు" అన్నారు. ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. బిల్డింగ్ ప్లాన్ల చుట్టూ ఏం జరుగుతుందో ఇల్లు కట్టుకున్నవాళ్ళందరికీ తెలుసు. అందుకే నేను కోరేది అనుమతి కాదు. ప్రహరీకి అర్జీ, ఫీజు, ఫైలు ఏమీ వద్దు.  నియమాలు కొన్ని చాలు, అవి కూడా రోడ్డు మీద నిలబడి కంటితో చూసి, టేపుతో కొలిచి చెప్పగలిగేవై ఉండాలి. గాజు పెంకులు వద్దు. బ్లేడు తీగ వద్దు. ఇంటి కరెంటు తీగకి ఇవ్వడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. గేటు మీద మొనలు మనిషి ఛాతీ ఎత్తులో ఉండకూడదు. మీటరున్నర పైన ఉన్న గోడ భాగంలోంచి అవతలకి కనిపించాలి, మూలల్లో నిండు గోడ రెండున్నర అడుగులు దాటకూడదు. లోపలి నుంచి తాళం తీసుకుని బయటపడే రెండో దారి ఒకటి ఉండాలి. దీన్ని ఒక కాగితం మీద తెలుగులో అచ్చేసి ప్రతి వార్డు సచివాలయంలో గోడకి అంటించొచ్చు, ప్లాను అప్రూవల్‌తో పాటు ఒక కాపీ ఇవ్వొచ్చు. చూసి అడిగే హక్కు పక్కింటివాళ్ళకీ ఉంటుంది కాబట్టి ఎవరి చేతిలోనో పెట్టి తప్పించుకునే వీలు తక్కువ.

మరి దొంగ సంగతి? గోడ మీద పెట్టే డబ్బులు తలుపు మీద పెట్టండి. వెనక తలుపుకి మంచి చెక్క, లోపలి నుంచి అడ్డగడియ, పెరట్లో మనిషి కదిలితే వెలిగే లైటు, గేటు దగ్గర ఒక కెమెరా. ఊరెళ్ళేటప్పుడు పోలీసులకి చెబితే వాళ్ళే వచ్చి తాళం వేసిన ఇంట్లో కెమెరా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు మన రాష్ట్రంలో ఏళ్ళ కిందటే వచ్చింది, రూపాయి ఖర్చు లేదు. మా వీధిలో చోరీ జరిగిన ఇంటివాళ్ళకి ఆ సంగతే తెలియదు. నేను అడిగిన మిగతా ఇళ్ళల్లో కూడా తెలిసినవాళ్ళు తక్కువే. అసోసియేషన్ తీగ కోసం చందా వేసే ముందు ఇదొక్కటి అందరి ఫోనుల్లోకి ఎక్కిస్తే వచ్చే పండక్కి సగం టెన్షన్ తగ్గుతుంది.

పాత గోడల మాటేమిటని ఎవరైనా అడగొచ్చు. ఎప్పటివో పెంకులు, వాటికి కూడా రూలు వర్తిస్తుందా అని. వర్తించాలి, ఆరు నెలలు గడువిచ్చి. పెంకులు తీయడం పెద్ద పనేం కాదు. గోనెసంచి తడిపి పైన కప్పి, ముక్కలు ఎగరకుండా సుత్తితో కొట్టి రాల్చి, మిగిలిన మొదళ్ళ మీద రెండంగుళాల సిమెంటు పూత పోసి గుండ్రంగా నున్న చేస్తే సరి. మా పక్క వీధి ఇంటాయన ఆ పిల్లాడి కుట్లు విప్పకముందే చేయించేశాడు. మేస్త్రీకి, కూలీకి ఒక పూట పని.